చలేస్తోందని చెప్పడం

ఆవిడ పోయిందని మొన్న ఆదివారం ఫోనొచ్చింది. చేసింది వాళ్ళ చర్చిలోని ఒక పెద్దావిడ. "పోతే మీకు చెప్పమని ముందే చెప్పి ఉంచేరండి" అంది. ఎప్పుడు, ఎలా అని అడగాల్సినవన్నీ అడిగాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, సగంలో ఆపిన పోపు మళ్ళీ పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చారు దించి మూత పెట్టాను.

ఆవిడ పేరు రాయను. బతికున్నప్పుడే తన పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే ఆవిడకి నచ్చేది కాదు. నేను అప్పా అని పిలిచేదాన్ని. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడది పార్వతీపురం దగ్గర ఊరు. జంషెడ్‌పూర్‌లో ఆ మాత్రం దగ్గరితనం చాలు, అక్కాచెల్లెళ్ళమైపోవడానికి.

యాభైల చివరి సంగతి. మా ఆయన పనిచేసే కార్ఖానాకి జర్మనీ నుంచి కొత్త మిషన్లు తెప్పిస్తున్నారు. వాటి మీద పని నేర్చుకోవడానికి ఇక్కడి ఇంజనీర్లనీ ఫోర్‌మెన్‌లనీ కొద్దిమంది చొప్పున అక్కడికి పంపేవారు. వెళ్ళేవాళ్ళు ముందుగా కాస్త భాష నేర్చుకోవాలని సాక్చీలో ఒక హాల్లో సాయంత్రం క్లాసులు పెట్టారు. చెప్పేది ఒక బెంగాలీ పెద్దాయన. కుర్రతనంలో జర్మనీలో చదువుకుని వచ్చాడట. అందరూ ఆయన్ని దాదా అనేవారు. భార్యలు కూడా వచ్చి కూర్చోవచ్చని ఆయనే చెప్పాడు. "నాకు రాకపోతే నువ్వు అందించు" అని మా ఆయన నన్ను కూడా తీసుకెళ్ళాడు. డ్యూటీ దిగి, కద్మాలోని మా ఇంటి నుంచి సైకిలు మీద నన్ను ఎక్కించుకుని వచ్చేసరికి ఆయనకి కునికిపాట్లు మొదలయ్యేవి. పాఠం నా చెవినే ఎక్కువ పడేది.

మొదటి రోజు నేను వెళ్ళేసరికే ఆవిడ ఆడవాళ్ళ బెంచీ మీద గోడవైపు కూర్చుని ఉంది. లేతరంగు నూలు చీర, ఒళ్ళో నల్ల గొడుగు. నేను పక్కన కూర్చుంటే కొంచెం జరిగింది, చోటివ్వడానికి కాదు, నాకు తగలకుండా ఉండడానికి. వెనకనుంచి ఎవరో హిందీలో ఏదో గొణిగారు. అప్పుడు తెలిసింది ఆవిడెవరో.

అంతకు రెండేళ్ళ ముందు జర్మనీ వెళ్ళిన మొదటి బృందంలో ఆవిడ భర్త ఉన్నాడు. ఫోర్‌మన్. చలికాలంలో జబ్బుచేసి అక్కడే పోయాడు. అక్కడే సమాధి చేశారు. కార్ఖానావాళ్ళు ఆవిడకి ఆఫీసులో టెలిఫోన్ బోర్డు మీద ఉద్యోగం ఇచ్చారు. క్వార్టరు ఖాళీ చేసి భాలుబాసాలో ఒక గది తీసుకుని ఉంటోంది. పిల్లల్లేరు.

మరి ఆవిడకి జర్మను ఎందుకు? క్లాసులో అందరికీ ఇదే ప్రశ్న. ఆఫీసులో పెద్ద పోస్టు కోసమని కొందరు, అక్కడికి పోయి స్థిరపడిపోతుందని కొందరు, మతి చలించిందని కొందరు. ఆవిడకి ఇవన్నీ తెలుసు. బోర్డు మీద కూర్చునే మనిషికి తెలియనిదేముంటుంది? ఎవరు ఏం మాట్లాడినా ఒక క్షణం ఆగి, "ఊఁ, చెప్పండి" అనేది, అప్పుడే లైను కలిసినట్టు. విసుగేస్తే కుడిచెవి మీద వేళ్ళు పెట్టి తీసేది, చెవులకున్న యంత్రం తీసి పక్కన పెడుతున్నట్టు. "రాత్రి నిద్ర పట్టిందా అప్పా?" అంటే, "లైను దొరకలేదమ్మీ" అనేది. నవ్వుతూ కాదు, ఏడుస్తూ కాదు. నంబరు చెప్పినట్టు చెప్పేది.

జర్మనులో ప్రతి వస్తువుకీ ఆడో మగో ఏదో ఒకటి ఉంటుందని దాదా చెప్పిన రోజు క్లాసంతా గోలగోల. బల్ల మగవాడు. సూర్యుడు ఆడది. చంద్రుడు మగవాడు. ఆడపిల్ల మాత్రం ఆడా కాదు, మగా కాదు. మా ఆయన కూడా నిద్రలేచి, "ఇదేం అన్యాయం సార్?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ నా వైపు వంగి, "మనం మాత్రం ఏటంటన్నాం? ఆడపిల్లొచ్చినా అది వచ్చిందనే కదా, ఆవొచ్చినా అది వచ్చిందనే కదా" అంది.

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నేనెందుకు నవ్వుతున్నానో అర్థం కానట్టు చూసి మళ్ళీ పాఠం వైపు తిరిగింది.

ఒక అక్షరం పలకాలంటే ఈల వేస్తున్నట్టు మూతి పెట్టి "ఈ" అనాలి. మగవాళ్ళంతా ఈలలు వేసి పండగ చేసుకున్నారు. ఆడవాళ్ళం సిగ్గుతో చచ్చిపోయాం. ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, దాని వెనక మూతి సున్నాలా పెట్టి పలికింది. దాదా అటు తిరిగి, "ఎవరది? మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "సరిగ్గా అదే" అన్నాడు ఆయన. ఆవిడ చెంగు దించలేదు.

మా అత్తగారికి నేనెక్కడ కూర్చుంటున్నానో ఎవరు చేరవేశారో తెలీదు. ఒక సాయంత్రం నేను బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడింది.

"ఏటే, ఆ మనిషి పక్కన కూకుంటన్నావట?"

"చోటు అక్కడే ఉంటోందత్తయ్యా."

"చోటు లేకపోతే నిలబడు. దాని మొగుడు ఏ ఊళ్ళో పోయేడో ఆ ఊరికే నీ మొగుడు ఎల్తన్నాడు. పోయి పోయి దాని పక్కనేటి? నీకేం భయం లేదేటి?"

భయం లేదని ఎలా అంటాను? కానీ ఆ భయం గురించి మాట్లాడటానికి నాకున్నది కూడా ఆవిడే. నేను వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ గొడుగు మా ఇద్దరి మధ్య పెట్టింది.

"మీ అత్తగారు చెప్పింది తప్పుకాదమ్మీ" అంది, నేనేమీ చెప్పకుండానే. "నా కోడలైతే నేనూ అదే చెప్పుదును."

ఇక ఆ పాఠం గురించి చెప్పాలి. ఆకలేస్తోంది, దాహమేస్తోంది, చలేస్తోంది అని చెప్పడం ఎలా అన్నది ఆనాటి పాఠం. దాదా ఒక్కొక్కరినీ లేపి, "నాకు చలేస్తోంది, చెప్పండి" అన్నాడు. ఇంగ్లీషులో అనుకుని జర్మనులోకి మార్చేవాళ్ళే అందరూ. "ఇష్ బిన్ కాల్ట్" అన్నారు. నేను చల్లగా ఉన్నాను అని. దాదా తలపట్టుకున్నాడు.

"అలా అనకండి. ముట్టుకుంటే చల్లగా ఉన్నానన్నట్టు, శవంలా ఉన్నానన్నట్టు ఉంటుంది. మీర్ ఇస్ట్ కాల్ట్ అనాలి. నాకు చలి. అర్థమైందా? నాకు."

హాలు కాస్త సద్దుమణిగింది. తనకి ఎదురుగా ఎవరు కూర్చున్నారో ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చాక్‌పీసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆవిడ లేచింది. "మీర్ ఇస్ట్ కాల్ట్" అంది. తర్వాత హిందీలో, "మా తెలుగులో కూడా అలాగే అంటాం దాదా. నాకు చలి. ఇందులో కష్టమేం లేదు" అంది. కూర్చుంది.

క్లాసయ్యాక ఆవిడ ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాలే ఉన్నాను. "ఉంది అన్నదాన్ని ఉండేది అనాలంటే ఏమనాలి దాదా?" అని అడిగింది. గడిచిపోయిన కాలం ఇంకా చాలా పాఠాల తర్వాత వస్తుందన్నాడాయన. "నాకు ఇప్పుడే కావాలి. ఆ ఒక్క మాటే" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వార్" అన్నాడు. "ఆయనకి అనాలంటే?" "ఈమ్." ఆవిడ రెండు మాటలూ పెదాలు కదిలీ కదలకుండా అనుకుంటూ బయటికొచ్చింది.

మా ఆయన సైకిలు నడిపించుకుంటూ వెనక వస్తున్నాడు. మేమిద్దరం భాలుబాసా మలుపు దాకా కలిసి నడిచాం. దూరంగా కొలిమి వెలుగు ఆకాశంలో ఎర్రగా లేచి పడుతోంది. అప్పుడు చెప్పింది.

"ఆయన పోయిన్నాడు పెద్ద సాబు పిలిచి ఇంగిలీషులో చెప్పేరు, ప్రశాంతంగా పోయేరని. క్లర్కు అదే హిందీలో చెప్పేడు. మన తెలుగాయనొకడు తెలుగులో చెప్పేడు. ముగ్గురూ ప్రశాంతంగానే అన్నారు. ముగ్గురికీ ఏటీ తెలీదు."

నడుస్తూనే మళ్ళీ అంది.

"ఆయన ఒక మిస్త్రీ ఇంట్లో మేడమీద గదిలో ఉండేవోరు. ఆ మిస్త్రీ ఇప్పుడు మిషన్లు బిగించడానికి ఇక్కడికి వత్తన్నాడు. బోర్డు మీద విన్నాను. అతనికి జర్మను తప్ప ఇంకోటి రాదు. మళ్ళీ ఎవడో మధ్యలో కూచుని ప్రశాంతంగా అని చెప్తాడు." మలుపు దగ్గర ఆగింది. "నేనే అడగాల, అతనే చెప్పాల. బస్. అందుకే వత్తన్నాను."

ఆ మిస్త్రీ చలికాలం మొదట్లో వచ్చాడు. తలుపుకి సరిపడేంత మనిషి. ఎర్రటి మెడ, ఏ పనీ లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పెద్ద పెద్ద చేతులు. మాకు వినికిడి అలవాటవుతుందని దాదా అతన్ని ఒకరోజు క్లాసుకి టీకి పిలిచాడు. అతను కుర్చీ చివర కూర్చుని, మేం ఒక్కొక్కరం పేరూ ఊరూ చెబుతుంటే తలూపుతూ విన్నాడు. ఆవిడ వంతు వచ్చింది. లేచి తన పేరు చెప్పింది. తర్వాత భర్త పేరు చెప్పింది.

అతను లేచి నిలబడ్డాడు. చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలో పెట్టాడు.

"వార్ ఈమ్ కాల్ట్?" అని అడిగింది ఆవిడ.

ఆయనకి చలేసిందా?

అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆగకుండా, ఒక్క ఊపిరిలో, చేతులు అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకీ కాలేదు. అడగడం నేర్చుకుంది గాని, ఎదుటివాడు ఏం చెబుతాడో అది ఏ పాఠంలోనూ లేదు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. బెంచీ అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

దాదా గొంతు సవరించుకుని, "అతనేమంటున్నాడంటే" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

ఆవిడ చెయ్యెత్తింది. "నై దాదా. అతనే." మిస్త్రీ వైపు తిరిగి, "లాంగ్‌జామ్, బిట్టె" అంది. మెల్లగా, దయచేసి.

అతను కాసేపు నేల వైపు చూశాడు. తలెత్తి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

"యా. ఈమ్ వార్ కాల్ట్."

అవును. ఆయనకి చలేసింది.

హాల్లో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది. ఆవిడ తలూపింది. అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ ఆవిడ కూర్చోలేదు. మేం నేర్చుకున్న తొలి పాఠాల్లోని ప్రశ్నలు ఒకటొకటిగా అడగడం మొదలుపెట్టింది. గది ఎక్కడ, కిటికీ ఎక్కడ, ఇది ఏ రంగు, అక్కడ ఎవరు. మేమంతా నవ్వుకుంటూ, కునుకుతూ వల్లెవేసిన ప్రశ్నలే.

కిటికీ ఎక్కడ?

ఎడమవైపు.

కిటికీలో ఏముంది?

చెట్టు. మంచు.

దుప్పటి ఏ రంగు?

బూడిదరంగు. అతను తన కోటు పట్టుకుని లాగి చూపించాడు. ఇదీ. ఇది కూడా. దుప్పటి మీద కోటు కప్పాడన్నమాట.

అక్కడ ఎవరున్నారు?

నేను. నా భార్య.

ఆవిడ కాస్త ఆగింది. తర్వాతి ప్రశ్నకి మాటలు వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. "ఆయన," అంది. "ఏం?" అంది. నోటి దగ్గర వేళ్ళు పెట్టి ముందుకి కదిపింది. ఏం చెప్పాడు?

అతను తల అడ్డంగా ఊపాడు. "నిష్ట్స్." ఏమీ లేదు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత తన పెద్ద ముఖంతో నవ్వి చూపించాడు. మర్యాదగా, ఇబ్బందిగా, పరాయి ఇంట్లో కూర్చున్నవాడి నవ్వు. అది ఆవిడ భర్త నవ్వని వేరే చెప్పక్కర్లేదు. ఆయన్ని ఎరిగున్నవాళ్ళు ఇద్దరు ముందుబెంచీలో ఉన్నారు. వాళ్ళు తలలు దించుకున్నారు.

మిగతాది అతని సైగల్లోనే తెలిసింది. ఆయనకి ఆ భాషలో మాట రాదు. ఒంట్లో బాగాలేదని చెప్పడం తెలీదు. అడిగితే నవ్వాడు. నవ్వుతూ పనికి వెళ్ళాడు, నవ్వుతూ మేడెక్కి పడుకున్నాడు. వాళ్ళకి తెలిసి డాక్టర్ని పిలిచేసరికి ఆలస్యమైపోయింది.

"డంకె" అంది ఆవిడ. కిటికీలోని కప్పు తీసి అతని చేతికిచ్చింది. "టీ చల్లారిపోతంది, తాగండి" అని తెలుగులోనే అంది. అతను తాగాడు.

ఆ రోజు కూడా మలుపు దాకా కలిసి నడిచాం. అక్కడ ఆగి ఆవిడే అంది.

"ఇన్నాళ్ళూ ఆయన ఎక్కడ పోయేడో నాకు తెలీదమ్మీ. ఊరి పేరొకటి చెప్పేరు. ఊరంటే ఏటి కనపడతాది? ఇప్పుడు గది ఉన్నాది. ఎడమచేతి పక్క కిటికీ ఉన్నాది."

"ఏడవచ్చు కదా అప్పా" అన్నాను. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

ఆవిడ ఒక క్షణం ఆగింది. "ఊఁ" అంది. చెప్పండి అనలేదు. గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక రాదనుకున్నాం. తర్వాతి క్లాసుకి అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ఆ నెలాఖరు నుంచి ఊళ్ళో ఒక కొత్త ఆనవాయితీ మొదలైంది. మొదలుపెట్టింది ఆవిడే. జర్మనీ వెళ్ళే ప్రతి మనిషికీ ఆఫీసు బోర్డు నుంచి ఫోన్ చేసి, "ఆదివారం మధ్యాహ్నం మా గదికి రండి" అని కబురు పెట్టేది. బెంగాలీ అయినా, పంజాబీ అయినా, బిహారీ అయినా. వచ్చినవాడిని బల్ల ముందు కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పించేది. నాకు చలేస్తోంది. నాకు ఒంట్లో బాగాలేదు. ఎవరినైనా పిలవండి. గుడ్ మార్నింగులూ థాంక్యూలూ అక్కర్లేదు, అవి రాకపోయినా ఎవరూ చచ్చిపోరు అనేది. కొందరు ఆమె మీద జాలితో వెళ్ళేవారు. కొందరు వెళ్ళేవారు కాదు.

మా ఆయన ప్రయాణం దగ్గరపడింది. ఆయన ఆవిడ గదికి వెళ్ళనన్నాడు. "ఇంజనీర్ని, ఆ మాత్రం రాదా నాకు?" అన్నాడు. నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఆదివారం అన్నాలయ్యాక మా అత్తగారు చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లే, రిక్షా పిలు" అంది కొడుకుతో.

"ఎక్కడికమ్మా?"

"భాలుబాసా."

ముగ్గురం వెళ్ళాం. ఆవిడ గదిలో ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి శిలువ. మా అత్తగారిని చూసి ఆవిడ లేచి తలుపు పక్కకి జరిగింది, ఎదురు రాకుండా. మా అత్తగారు చూసీ చూడనట్టు లోపలికెళ్ళి మంచం మీద కూర్చుంది.

"మా వోడికి చెప్పమ్మా" అంది. "బాగా చెప్పు. ఆడికి మొహమాటం ఎక్కువ."

ఆవిడ మా ఆయనకి ఎదురుగా కూర్చుంది. "చెప్పండి మరిదిగారూ."

ఆయన గబగబా మూడూ అప్పజెప్పాడు. తప్పుల్లేవు.

"అలాగ కాదు" అంది ఆవిడ. "మీరు నవ్వుతన్నారు."

మళ్ళీ చెప్పాడు. "ఇంకా నవ్వుతన్నారు" అంది. ఆయన ముఖం ఎర్రబడింది. మళ్ళీ, మళ్ళీ చెప్పించింది. విసుక్కున్నాడు, వాచీ చూసుకున్నాడు, నా వైపు చూశాడు. ఆవిడ ఆపలేదు. చివరికి ఒకసారి ఆయన గొంతు మారింది. నవ్వు లేదు, చదువు లేదు. పరాయి చోట జ్వరంతో పడుకున్న మనిషి గొంతులో "మీర్ ఇస్ట్ కాల్ట్" అన్నాడు. మా అత్తగారికి ఆ భాష ఒక్క ముక్క రాదు. కానీ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఆఁ, అదీ" అంది ఆవిడ. "అలాగైతే వింటారు."

మా ఆయన ఏడాది ఉండి తిరిగొచ్చాడు. బొంబాయిలో ఓడ దిగి రైల్లో వచ్చాడు. టాటానగర్ స్టేషనుకి మేమంతా వెళ్ళాం. ఆవిడని మేం పిలవలేదు, పిలవకూడదని కాదు, వస్తుందనుకోలేదు. ప్లాట్‌ఫారం చివర బెంచీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. దండలూ కౌగిలింతలూ అయ్యేదాకా అక్కడే ఉంది. జనం పల్చబడ్డాక దగ్గరికొచ్చింది.

"చెప్పవలిసొచ్చిందా?" అని అడిగింది. ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగలేదు.

మా ఆయన నవ్వబోయి ఆగాడు. "వచ్చిందండి. ఒకసారి. జనవరిలో."

"విన్నారా?"

"విన్నారు. ఇంటావిడ పరిగెత్తుకెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది. పది రోజులు మంచం దిగనివ్వలేదు నన్ను."

ఆ సంగతి నాకూ తెలీదు. ఆయన మాకు రాయలేదు. మా అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆవిడ తలూపింది. ఇంకేదో అడుగుతుందని ఎదురుచూశాం. ఏమీ అడగలేదు. వెనక్కి రెండడుగులు వేసి బెంచీ మీద కూర్చుంది.

"రా అప్పా, మాతో పాటు రిక్షాలో దిగబెడతాం" అన్నాను.

"మీరెల్లండమ్మీ. నేను కాసేపు కూచుంటాను."

మేం సామానెత్తుకుని వంతెన ఎక్కాం. సగం దాటాక వెనక్కి తిరిగి చూశాను. రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ. రెండు చేతులతో ముఖం కప్పుకుని, భుజాలు కదిలిపోతూ, ఆవిడ అక్కడే కూర్చుని ఉంది.